ఆలంపూర్ వీడని పండితుడు గడియారం రామకృష్ణశర్మ

ఆలంపూర్: కృష్ణా తుంగభద్రా నదుల నడుమ ఒదిగిన నడిగడ్డలో ఆలంపూర్ చిన్న పట్టణం. చరిత్రలో మాత్రం దాని స్థానం పెద్దది. బాదామి చాళుక్యుల కాలంలో వెలసిన నవబ్రహ్మ ఆలయాలు, అష్టాదశ శక్తిపీఠాలలో అయిదవదిగా భక్తులు కొలిచే జోగులాంబ, శ్రీశైల క్షేత్రానికి పశ్చిమ ద్వారమన్న ప్రసిద్ధి ఈ ఊరికి తరతరాలుగా ఉన్నాయి. అయినా ఒకప్పుడు ఈ వైభవం రాళ్ళలోనే దాగి ఉండేది. శాసనాల లిపి చదివి ఊరివారికి వివరించేవారు లేరు. శిథిలాల మధ్యనే జీవనం సాగుతున్నా వాటి విలువను లోకానికి చాటినవారు అరుదు. ఆ లోటును తీర్చడానికి జీవితంలో అధికభాగాన్ని వెచ్చించిన మహనీయుడు గడియారం రామకృష్ణశర్మ. కవి, పండితుడు, శాసన పరిశోధకుడు, స్వాతంత్ర్య సమరయోధుడు, సంఘసంస్కర్త అయిన ఆయన 1919 మార్చి 6న జన్మించి, 2006 జూలై 25న కన్నుమూశారు. ఆయన పేరు తలవకుండా ఆలంపూర్ ఆధునిక చరిత్రను చెప్పడం సాధ్యం కాదు.

రెండు రాజ్యాల సరిహద్దున

రామకృష్ణశర్మ అనంతపురం జిల్లాలో జన్మించారు. తల్లిదండ్రులు సుబ్బమ్మ, జ్వాలాపతి. ఆయన చిన్నతనంలోనే కుటుంబం ఆలంపూర్ వచ్చి స్థిరపడింది. మ్యాపులో చూస్తే ఇది పెద్ద దూరం కాదు. కాని ఆనాటి రాజకీయ స్థితిలో ఇది ఒక రాజ్యం నుంచి మరొక రాజ్యానికి మారడమే. అనంతపురం, కర్నూలు బ్రిటిషువారి మద్రాసు రాజధానిలో ఉండేవి. తుంగభద్ర దాటి ఉత్తరపు ఒడ్డుకు చేరితే నిజాం రాజ్యం మొదలయ్యేది. నదికి అటు ఇటు మాట్లాడే భాష తెలుగే అయినా పాలన వేరు, నాణెం వేరు, కచేరీలలో నడిచే భాష వేరు. ఉత్తరపు ఒడ్డున ప్రభుత్వ వ్యవహారాలన్నీ ఉర్దూలో జరిగేవి. తెలుగు చదువు ఇంటి అరుగుల మీద, అయ్యవార్ల బడులలో, పండితుల సన్నిధిలో బతికింది.

ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో నిజాం రైల్వేవారి మీటరుగేజి మార్గం సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా దక్షిణానికి సాగి, కాలక్రమంలో తుంగభద్రను దాటి కర్నూలును, ద్రోణాచలాన్ని కలిపింది. ఆ మార్గంలో ఆలంపూర్‌కు దక్కిన స్టేషన్ పేరు ఆలంపూర్ రోడ్డు. స్టేషన్ పేరు చివర రోడ్డు అని ఉంటే అసలు ఊరు పట్టాలకు దూరంగా ఉన్నదని రైల్వేవారి ఆనవాయితీ. రైలు దిగిన యాత్రికుడు మరికొన్ని మైళ్ళు ఎడ్లబండిలోనో, కాలినడకనో సాగితే తప్ప బాలబ్రహ్మేశ్వరుని దర్శనం అయ్యేది కాదు. రైలు ఈ ప్రాంతానికి వచ్చినా ఊరి ముంగిట ఆగలేదు. ఈ దూరం కారణంగా ఆలంపూర్ తన పాతదనాన్ని నిలుపుకుంది. దాని కారణంగానే ఎంతోకాలం బయటివారి దృష్టికి అందకుండానూ ఉండిపోయింది.

ఇటువంటి ఊళ్ళలో పుట్టిపెరిగిన చురుకైన యువకులు ఆ రైలెక్కి హైదరాబాదుకో, మద్రాసుకో వెళ్ళి అక్కడే స్థిరపడడం రివాజు. ఈ ఆలంపూర్ ప్రాంతానికే చెందిన సురవరం ప్రతాపరెడ్డి కర్నూలులో, హైదరాబాదులో, మద్రాసులో చదివి, 1926లో హైదరాబాదు నుంచి గోలకొండ పత్రికను వెలువరించారు. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు జవాబుగా 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించారు. నడిగడ్డ బిడ్డ రాజధానికి వెళ్ళి తెలుగు జాతికి చేసిన సేవ అది. రామకృష్ణశర్మ మరొక మార్గం ఎంచుకున్నారు. ఊరు విడవకుండా, లోకాన్నే ఊరికి రప్పించే పనికి పూనుకున్నారు.

శివరామశాస్త్రి శిష్యరికం

ఆయన విద్యాభ్యాసంలో చెప్పుకోదగిన ఘట్టం వేలూరి శివరామశాస్త్రి వద్ద శిష్యరికం. కృష్ణా జిల్లా చిరివాడకు చెందిన శివరామశాస్త్రి శతావధాని, కవి, కథకుడు, బహుభాషా పండితుడు. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి శిష్యపరంపరకు చెందినవారు. సంప్రదాయ పాండిత్యాన్ని ఆధునిక దృష్టితో మేళవించిన ఆ గురువు వద్ద రామకృష్ణశర్మ తెలుగు, సంస్కృత సాహిత్యాలను అభ్యసించారు, అవధాన విద్యలో ప్రవేశం సంపాదించారు. నిజాం రాజ్యపు దక్షిణ కొస నుంచి కోస్తా జిల్లాకు వెళ్ళి చదువుకోవడం ఆ రోజులలో చిన్న విషయం కాదు. కర్నూలు చేరి, ద్రోణాచలం, నంద్యాల, గుంటూరుల మీదుగా బెజవాడ వరకు సాగే మీటరుగేజి ప్రయాణం అది.

గురువు వద్ద అలవడిన రెండు గుణాలు జీవితాంతం ఆయనను వీడలేదు. ఒకటి, మూలగ్రంథాన్ని స్వయంగా పరిశీలించనిదే నిర్ణయానికి రాకపోవడం. రెండవది, పాండిత్యం పండితుల మధ్యనే మిగిలిపోకూడదన్న పట్టుదల. ధనంజయుని దశరూపకాన్ని తెలుగు పాఠకులకు పరిచయం చేస్తూ ఆయన వెలువరించిన దశరూపకసారము ఈ రెండవ గుణానికి నిదర్శనం. నాటక లక్షణాలను వివరించే ఆ సంస్కృత గ్రంథం అలంకారశాస్త్రం చదివినవారికి పరిచితమే. సంస్కృతం రాని తెలుగు విద్యార్థి చేతికి దానిని అందించాలన్నదే ఆయన సంకల్పం.

ఉద్యమాల బాటలో

నిజాం పాలనలో తెలుగువారికి గ్రంథాలయం స్థాపించుకోవడమే ఉద్యమం. సభ జరుపుకోవాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. పుస్తకాలు చదివించడం, పత్రికలు తెప్పించడం, నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడడం వంటివన్నీ అధికారుల అనుమానానికి గురయ్యేవి. ఆ పరిస్థితులలో గ్రంథాలయోద్యమం, ఆంధ్ర మహాసభ, తరువాత స్వాతంత్ర్యోద్యమం ఒకదాని వెంట ఒకటి పల్లెలకు పాకాయి. రామకృష్ణశర్మ యువకుడిగా ఈ ఉద్యమాలలో పాలుపంచుకున్నారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో విలీనమయ్యేవరకు సరిహద్దు ప్రాంతమైన ఆలంపూర్ పరిసరాలలో ఉద్రిక్తత నెలకొని ఉండేది. నది దాటితే స్వతంత్ర భారతం, ఇవతల రజాకార్ల భయం. ఇటువంటి కాలంలో బహిరంగంగా ఒక పక్షాన నిలవడానికి ధైర్యం కావలసివచ్చేది.

రాజకీయ స్వేచ్ఛ ఒక్కటే చాలదని ఆయన భావించారు. దేవాలయాల ఊరిలో, వైదిక సంప్రదాయ కుటుంబంలో పెరిగిన పండితుడై ఉండి మూఢాచారాలను ప్రశ్నించారు. దేవతల పేరిట సాగే జంతుబలులను వ్యతిరేకించారు. వితంతు పునర్వివాహాలను ప్రోత్సహించారు. చిన్న ఊరిలో సంస్కర్తగా జీవించడం నగరంలో ఉపన్యాసం ఇచ్చినంత తేలిక కాదు. నగరంలో మాట చెప్పి ఇంటికి వెళ్ళవచ్చు. ఆలంపూర్ వంటి ఊరిలో ఎవరి ఆచారాన్ని కాదన్నామో వారి ముఖమే మరునాడు తుంగభద్ర రేవు వద్ద, కోవెల వాకిట ఎదురవుతుంది. శాస్త్రం తెలిసినవాడే శాస్త్రం పేరిట సాగే దురాచారాన్ని కాదంటే ఎదుటివారికి సమాధానం చెప్పడం కష్టం. సంస్కరణకు ఆయన పాండిత్యం ఆ విధంగా అక్కరకు వచ్చింది.

ఆలంపూర్‌కు తరలివచ్చిన సాహితీలోకం

ఆయన జీవితంలోనే కాక, తెలంగాణ సాహిత్య చరిత్రలోనూ మరపురాని ఘట్టం 1953 జనవరిలో ఆలంపూర్‌లో జరిగిన ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు. నిజాం రాజ్యంలో తెలుగు భాషా సాహిత్యాల వ్యాప్తికి 1943లో ఏర్పడిన సంస్థ అది. తెలుగు పరీక్షలు నిర్వహిస్తూ, పుస్తకాలు ప్రచురిస్తూ, ఏటా సభలు జరుపుతూ వేలమందికి తెలుగు నేర్పింది. ఆ వార్షిక సభలకు ఆలంపూర్ వంటి మారుమూల పట్టణం వేదిక కావడం వెనుక రామకృష్ణశర్మ పూనిక ఉంది.

అప్పటి భారత ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ సభలకు హాజరయ్యారు. అదే సందర్భంలో తెలంగాణ రచయితల సంఘం సభలూ జరిగాయి. దాశరథి, కాళోజీ వంటి తెలంగాణ కవులతో పాటు శ్రీశ్రీ కూడా వచ్చారు. కాళోజీ నారాయణరావు కవితా సంపుటి నా గొడవ ఇక్కడే శ్రీశ్రీ చేతుల మీదుగా వెలుగు చూసింది. తెలంగాణ ప్రజాకవిగా పేరొందిన కాళోజీ పుస్తకాన్ని కోస్తా ప్రాంతపు మహాకవి నడిగడ్డలో ఆవిష్కరించడం ఆనాటి సాహిత్య సౌభ్రాత్రానికి చిహ్నం.

అంతటి సభలకు ఆతిథ్యమివ్వడం అప్పటి ఆలంపూర్‌కు ఎంత బరువైన పనో ఊహించుకోవచ్చు. పెద్ద సత్రాలు లేవు, హోటళ్ళు లేవు. రైలు దిగినవారిని మైళ్ళ దూరంలోని స్టేషన్ నుంచి ఊరికి చేర్చాలి. వందలమందికి వసతి, భోజనం సమకూర్చాలి. ఊరంతా ఒక్క చేయి అయితే తప్ప ఇటువంటి కార్యం గట్టెక్కదు. అదే ఏడాది ఆగస్టు 25న సురవరం ప్రతాపరెడ్డి కన్నుమూశారు. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించి, తుంగభద్రకు ఆవలి ఒడ్డున ఉన్న కర్నూలు దాని రాజధాని అయింది. ఆలంపూర్ మాత్రం 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడేవరకు హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్నది. నది ఒక సరిహద్దుగా ఉన్న ఆ సంవత్సరాలలోనే ఇరు ప్రాంతాల రచయితలను ఒక్క వేదిక మీదకు తెచ్చిన ఘనత ఆలంపూర్‌కు దక్కింది.

ఆ రోజులలోనే రామకృష్ణశర్మ సుజాత అనే సాహిత్య పత్రికకు సంపాదకత్వం వహించారు. ఆర్థిక వనరులు అంతంతమాత్రమైన కాలంలో పత్రికా నిర్వహణ సాహసమే.

రాళ్ళ మీది రాతలు

కవిత్వం, పత్రిక, సభలు ఒక ఎత్తు. శాసన పరిశోధన మరొక ఎత్తు. ఆలంపూర్ చుట్టుపక్కల ఆలయ స్తంభాల మీద, గోడల మీద, పొలాలలో నిలిచిన బండల మీద శాసనాలు ఉన్నాయి. వాటిలో సంస్కృతం, కన్నడం, తెలుగు కనిపిస్తాయి. ఒక్కో రాజవంశం ఒక్కో భాషలో తన దానాలను, విజయాలను రాయించింది. కనుక ఇక్కడి శాసనాలను చదవాలంటే బహుభాషా పరిజ్ఞానం, ప్రాచీన లిపులతో పరిచయం అవసరం.

శాసనం చదవడం ఓపికతో కూడిన పని. ముందుగా రాయి మీది నాచును, మట్టిని బ్రష్షుతో తొలగించాలి. తడి కాగితాన్ని రాతికి అంటించి, గుంటలలోకి దిగేటట్లు తట్టాలి. ఆ తరువాత సిరా అద్దితే చెక్కిన అక్షరాలు తెల్లగా, మిగిలినదంతా నల్లగా అచ్చు పడుతుంది. ఆ అచ్చును ముందుంచుకుని అరిగిపోయిన ప్రతి అక్షరాన్ని పోల్చుకోవాలి. ఒక్క అక్షరం తప్పు చదివితే రాజు పేరు మారిపోతుంది, శతాబ్దం తారుమారవుతుంది. పశ్చిమ చాళుక్యుల కాలపు క్రీ.శ.1101 నాటి శాసనంలో ఈ ఊరి పేరు హతంపురమని ఉన్నదంటే, అది ఇటువంటి శ్రమ వల్ల తెలిసిన విషయమే.

తెలంగాణలో శాసనాల సేకరణకు మార్గం చూపిన సంస్థ కొమర్రాజు లక్ష్మణరావు పేరిట ఏర్పడిన లక్ష్మణరాయ పరిశోధక మండలి. ఆ మండలి తెలంగాణ శాసనములు తొలి సంపుటిని 1935లో ప్రకటించింది. రెండవ సంపుటి 1960లో వెలువడింది. దాని సంపాదకుడు గడియారం రామకృష్ణశర్మ. తెలంగాణ చరిత్ర మీద పరిశోధన చేసేవారికి ఈ సంపుటాలు ఆధారగ్రంథాలు. విశ్వవిద్యాలయాలకు, పెద్ద గ్రంథాలయాలకు దూరంగా ఉంటూ ఇంతటి బాధ్యతను నిర్వహించడం ఆయన దీక్షకు తార్కాణం.

స్థానిక చరిత్ర పట్ల ఆయన మమకారం గుడ్డి అభిమానం కాదు. నవబ్రహ్మ ఆలయాలను స్థలపురాణ దృష్టితో ఒకలాగా, చరిత్ర దృష్టితో మరొకలాగా చూడవలసి ఉంటుంది. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అనే తొమ్మిది పేర్లకు చివర బ్రహ్మ ఉన్నా అవన్నీ శివాలయాలే. రససిద్ధుల కథలు ప్రచారంలో ఉన్నాయి. ఉత్తరాదిన కనిపించే రేఖానాగర శిఖరాలు, వాటి పైన ఉసిరికాయ ఆకారపు ఆమలకం దక్షిణాదిన ఈ నదీతీరంలో నిలవడం చరిత్రకారులను ఆలోచింపజేసే విషయం. కథను కథగా గౌరవిస్తూనే, రాతిని రాతిగా చదవడం ఆయన పద్ధతి. ఆలంపూర్ చరిత్ర మీద, క్షేత్ర విశేషాల మీద ఆయన చేసిన రచనలు ఈ దృష్టితోనే సాగాయి.

ముంపు ముంగిట

ఆయన కళ్ళముందే ఆలంపూర్ ఎదుర్కొన్న పెద్ద పరీక్ష శ్రీశైలం జలాశయం. 1963లో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు 1980ల తొలినాళ్ళకు పూర్తయింది. విద్యుత్తు, సాగునీరు అందించే ఆ జలాశయం కృష్ణా తుంగభద్రా తీరాలలోని అనేక గ్రామాలను, వాటితో పాటు ప్రాచీన ఆలయాలను ముంచింది. సంగమ స్థానమైన కూడవెల్లిలోని సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపూర్‌కు తరలించి పునర్నిర్మించారు. పాపనాశి ఆలయ సముదాయానికీ అదే మార్గమయింది. ఆలంపూర్ ఊరిని, నవబ్రహ్మ ఆలయాలను కాపాడడానికి నదివైపు రక్షణ గోడ లేచింది.

బాదామి చాళుక్య విజయాదిత్యుని కాలపు శాసనం ఒకటి ఈ ఆలయాలకు ప్రాకారం కట్టిన సంగతిని పేర్కొంటుంది. ఎనిమిదవ శతాబ్దిలో ఒక గోడ, ఇరవయ్యవ శతాబ్దిలో మరొక గోడ. రెండింటి లక్ష్యం ఒకటే, ఈ రాళ్ళు నిలవాలి. అయితే ఏది కాపాడుకోవాలో తెలియాలంటే ఏమున్నదో ముందు తెలియాలి. ఒక ఆలయం ఏ కాలానిది, దాని గోడ మీద ఏమి చెక్కి ఉన్నది, దానిని ఎవరు కట్టించారు అన్న వివరాలు గ్రంథస్థం అయి ఉంటేనే అది పోతే ఏమి పోతుందో ప్రభుత్వానికి చెప్పగలం. దశాబ్దాల ముందే శాసనాలను సేకరించి, చదివి, అచ్చు వేయించిన పండితుల కృషి విలువ ముంపు వేళ తెలిసివచ్చింది. రాయిని తరలించవచ్చును గాని, చదవకుండా మునిగిపోయిన అక్షరాన్ని తిరిగి తేలేము.

గోడ కట్టినంత మాత్రాన నదితో ఊరి లెక్క తీరలేదు. రామకృష్ణశర్మ మరణించిన మూడేళ్ళకు, 2009 అక్టోబరు వరదలలో తుంగభద్ర పొంగి కర్నూలుతో పాటు ఆలంపూర్‌నూ ముంచెత్తింది. ఆలయ ప్రాంగణాలలోకీ నీరు చేరింది. నదుల మధ్య జీవించే ఊరికి రక్షణ ఒకసారి చేసి మరచిపోయే పని కాదని ఆ వరద గుర్తు చేసింది.

శతపత్రము

జీవిత చరమాంకంలో రామకృష్ణశర్మ తన ఆత్మకథను శతపత్రము పేరుతో రచించారు. శతపత్రమంటే వంద రేకుల తామర. ఒక వ్యక్తి జీవితాన్ని చెబుతూనే అది ఒక ప్రాంతపు సాంఘిక, సాంస్కృతిక చరిత్రగా రూపుదిద్దుకుంది. నిజాం కాలపు తెలంగాణలో తెలుగు చదువు, ఉద్యమాలు, పండితులు, సభలు, పత్రికలు గూర్చి తెలుసుకోగోరేవారికి అది విలువైన ఆధారం. ఈ గ్రంథానికి 2007వ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అప్పటికి ఆయన కీర్తిశేషులు. తెలుగులో తొలి సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో సురవరం ప్రతాపరెడ్డి రచించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు దక్కింది. అర్ధ శతాబ్ది వ్యవధిలో ఈ నడిగడ్డతో అనుబంధం ఉన్న ఇద్దరికి ఆ గౌరవం దక్కింది. విచిత్రంగా రెండూ మరణానంతర పురస్కారాలే. రెండు గ్రంథాలూ రాజుల యుద్ధాల కన్నా ప్రజల బతుకుకు పెద్దపీట వేశాయి.

కన్నుమూయడానికి ఏడాది ముందు, 2005 ఫిబ్రవరి 13న జోగులాంబ అమ్మవారి నూతన ఆలయ ప్రతిష్ఠ జరిగింది. పూర్వపు ఆలయం శతాబ్దాల క్రితం దండయాత్రలలో ధ్వంసమయిందని, ఆనాటి నుంచి అమ్మవారి విగ్రహం బాలబ్రహ్మేశ్వరాలయంలోనే పూజలందుకుందని స్థానిక చరిత్ర చెబుతుంది. శిథిలాల నడుమ తన పరిశోధన ప్రారంభించిన పండితుని జీవితకాలంలోనే ఆ ఆలయం తిరిగి లేచి నిలిచింది.

మిగిలిన బాధ్యత

అప్పటికీ ఇప్పటికీ ఆలంపూర్ ఎంతో మారింది. మీటరుగేజి 1990లలో బ్రాడ్‌గేజి అయింది. అమ్మవారి, స్వామివారి పేరిట శ్రీ బాలబ్రహ్మేశ్వర జోగులాంబ హాల్ట్ ఏర్పడింది. 2016 అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడి ఏర్పడిన కొత్త జిల్లా జోగులాంబ గద్వాల పేరు ధరించింది. జాతీయ రహదారి మీద ఆలంపూర్ చౌరస్తా నుంచి గంటగంటకూ యాత్రికులు వస్తున్నారు. అమ్మవారిని దర్శించి, నవబ్రహ్మ ఆలయాలను ఒక చుట్టు చుట్టి, సాయంత్రానికి తిరుగు ప్రయాణమవుతున్నారు. వారిలో స్తంభం మీది అక్షరాల ముందు ఆగి చూసేవారు కొద్దిమందే.

ఊరిలో పుట్టిన పిల్లలకు ఆ అక్షరాలను పరిచయం చేయడం రామకృష్ణశర్మకు అర్పించగల అర్థవంతమైన నివాళి. ఆయన సంపాదకత్వంలోని శాసన సంపుటం, శతపత్రము పాఠశాల గ్రంథాలయాలలో ఉండాలి. ఏటా మార్చి 6న ఉపాధ్యాయులు పిల్లలను ఆలయాల వద్దకు తీసుకువెళ్ళి ఒక్క శాసనమైనా చదివి వినిపించగలిగితే, ఆయన కృషి మరొక తరానికి అందుతుంది. పెద్ద పని చేయాలంటే పెద్ద నగరానికే వెళ్ళాలన్న భావన బలపడిన ఈ కాలంలో, పట్టాలకు మైళ్ళ దూరాన ఉన్న ఊరిలో కూర్చుని ఒక ప్రాంతపు చరిత్రను వెలికి తీసిన పండితుని జీవితం నడిగడ్డ యువతకు చేరువైన ఆదర్శం.